లేవకండి, నేను వస్తున్నాను

ఫిబ్రవరి 9

ఒరేయ్ రిపేరూ,

ఫోన్లో అయితే నా మాట సగంలో ఉండగానే నువ్వు అడ్డం వస్తావు, నాకు ఒళ్ళు మండుతుంది, ఇద్దరం చెరో పక్క ఫోన్ పెట్టేస్తాం. అందుకే ఉత్తరం. నేను చెప్పేది అయ్యేదాకా నోరు మూసుకుని వినడం తప్ప ఇందులో నీకు వేరే దారి లేదు.

నువ్వు తయారుచేసిన మంచాలు మా వార్డుకు వచ్చాయి. పరుపు కింద పెట్టిన ఆ పట్టీ బాగానే పనిచేస్తోంది. పేషెంటు భుజం ఎత్తినా, కాళ్ళు పక్కకు జరిపినా చాలు, లేవబోతున్నారని దానికి తెలిసిపోతోంది. మా చేతికి కట్టిన బిళ్ళ వణికి ఏ మంచమో చూపిస్తోంది. ఇంతవరకు నిన్ను మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ సైరన్ ఏమిట్రా? ఆపరేషనై మత్తులో ఉన్న మనిషి కాస్త కదిలితే చెవి పక్కనే కుయ్యోమని అరుస్తుంది. పడకుండా కాపాడాల్సిన వాళ్ళు ఆ అదురుకే పడుతున్నారు. మొన్న మూడో నంబరు పెద్దావిడ ఉలిక్కిపడి దిగబోయి తుంటి విరగ్గొట్టుకుంది. కంటి ఆపరేషన్‌కు నడిచి వచ్చిన మనిషి. ఇక నడుస్తుందో లేదో డాక్టరుకే తెలియదు.

ఈ వార్డులో నా జుట్టు సగం నెరిసింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. ఉత్తినే "లేవకండి" అంటే ఎవరూ ఆగరు. "లేవకండి, నేను వస్తున్నాను" అంటే ఆగుతారు. ఎవరో ఒకరు వస్తున్నారంటే మనిషికి నిబ్బరం. ఆ సైరన్ పీకేసి మనిషి గొంతు పెట్టు.

మీ బావ నీకు చొక్కా కుడతానని గుడ్డ పరిచి కూర్చున్నాడు. కొలతలు ఎప్పుడు పంపుతావని నా తల తింటున్నాడు. పాత కొలతలతో కుడితే పొట్ట దగ్గర గుండీ ఎగిరి ఎవరి కంట్లోనో పడుతుందట. ఆ మాట ఆయనదే, నాది కాదు. ఇంతకీ ఆయన వేళాకోళానికేం గానీ, ఆయన పద్ధతి మాత్రం మారలేదు. "నాది రోజంతా కూర్చునే పని, నీది రోజంతా నిలబడే పని. ఇంటికొచ్చాక తిరగేసుకోవాలి" అంటాడు. నేను డ్యూటీ దిగి కింద గేటు తీసి "వస్తున్నా" అని కేకేస్తే చాలు, కత్తెర అక్కడ పడేసి సంచి అందుకోవడానికి మెట్లు దిగి వచ్చేస్తాడు. కూర్చోండి మహానుభావా, నాకూ కాళ్ళున్నాయి అంటే వినడు. పెళ్ళై ఇన్నేళ్ళయినా అంతే.

మీ అక్క

ఫిబ్రవరి 21

అక్కా,

నోరు మూసుకునే చదివాను. పెద్దావిడ సంగతి చదివాక ఆ పూట అన్నం సయించలేదు. చప్పుడు ఎంత గట్టిగా ఉంటే అంత భద్రం అనుకున్నాం. వర్క్‌షాపులో ఆ మంచాల మీద పడుకుని పరీక్షించింది మేమే కదా. మాకు మత్తూ లేదు, నొప్పీ లేదు, సైరన్ మోగితే నవ్వుకున్నాం.

నువ్వన్నట్టే గొంతు పెట్టి చూశాం. ఒక అనౌన్సరు చేత చదివించాం. బండి ఆలస్యంగా నడుస్తోందని చెప్పినట్టుంది. ఇక్కడొక ఆస్పత్రిలో పెట్టి చూస్తే ఒక్కరూ ఆగలేదు. కాబట్టి నువ్వే చెప్పాలి. ఫోన్లో రికార్డు చేసి పంపించు. వార్డులో చెప్పేటట్టు వద్దు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే వంటింట్లోంచి "లేవకు, వస్తున్నా" అని చెప్పేదానివి చూడు, ఆ గొంతు కావాలి. ఆ మాట వినపడితే నేను కదిలేవాణ్ణి కాదు, నీకు గుర్తుందో లేదో.

కొలతలు పంపుతానని బావకు చెప్పు. టేపు ఎక్కడ పెట్టానో దొరకడం లేదు. నీ రికార్డు రాగానే మళ్ళీ పనిలో పడిపోతాం, కాస్త ఓపిక పట్టమను.

తమ్ముడు

ఏప్రిల్ 3

రిపేరూ,

నా గొంతు నాకే వినపడి చస్తున్నాను. అటు నాలుగో మంచం, ఇటు తొమ్మిదో మంచం, ఎవరు కదిలినా "లేవకండి, నేను వస్తున్నాను." నేనేమో మందుల బండి దగ్గర నిలబడి ఉంటాను. కొత్తగా చేరిన సిస్టరు ఒకసారి నేననుకుని మంచానికే జవాబు చెప్పింది, "అలాగే మేడం, మీరు రండి" అని.

కానీ మాట చెప్పాలి కదా, పనిచేస్తోందిరా. ఆగుతున్నారు. నిజంగా తల దిండుకు ఆనించి ద్వారం వైపు చూస్తూ పడుకుంటున్నారు. మేం వెళ్ళేసరికి ఉంటున్నారు. నీ మంచం మాట్లాడటం మొదలెట్టాక మా వార్డులో ఒక్కరూ పడలేదు. ఏడో నంబరు అవ్వ అయితే కావాలనే మోచెయ్యి ఎత్తుతుంది, నా మాట వినడానికి. "పలికింది తల్లీ" అని పక్కవాళ్ళకు చెబుతుంది. ఆవిణ్ణి చూడటానికి ఎవరూ రారు. నేను కసురుకోలేకపోయాను.

మీ బావ సంగతి. కడుపునొప్పి గ్యాసే అని నెలరోజులు బుకాయించాడు. చెయ్యి పట్టి లాక్కెళ్ళి స్కాన్ తీయిస్తే గాల్‌బ్లాడరు నిండా రాళ్ళు. మా ఆస్పత్రిలోనే ఆపరేషన్. స్కాన్ అయ్యాక నన్ను వెతుక్కుంటూ వార్డుకు వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఒక మంచం పలికింది. ఆయన గిర్రున తిరిగి అటు నాలుగు అడుగులు వేశాడు, వెనకనుంచి నేను పిలిస్తే గానీ ఆగలేదు. ఆ తర్వాత ఒకటే నవ్వు. "ఇంట్లో నాకొక్కడికే చెప్పే మాట, ఆస్పత్రంతా పంచిపెట్టావన్నమాట" అన్నాడు.

చిన్న ఆపరేషనే. అయినా నాకు గుబులుగా ఉంది. సొంతవాళ్ళున్న వార్డులో డ్యూటీ వెయ్యరు, అది మా రూలు. ఆయన పైన మగవాళ్ళ వార్డులో, నేను కింద. ఊళ్ళోవాళ్ళందరికీ చేసిన సేవ మొగుడికి చేయడానికి లేదు.

మీ అక్క

ఏప్రిల్ 15

అక్కా,

మీ పెద్ద డాక్టరుగారు మా ఆఫీసుకు రాశారు. మీ ఆస్పత్రిలో అన్ని వార్డులకూ ఈ మంచాలే వేస్తున్నారట, నీ గొంతుతోనే. ఇంకా మూడు ఆస్పత్రులు అడుగుతున్నాయి. మా వర్క్‌షాపులో అందరూ నిన్ను అక్కా అనే పిలుస్తున్నారు, నువ్వెవరో చూడకపోయినా.

బావ గురించి బెంగ పెట్టుకోకు. ఆపరేషనయ్యాక మన మంచం మీదే పడుకోబెట్టమని చెప్పు. నీకు ఆ వార్డులో డ్యూటీ లేకపోతేనేం, నీ గొంతు పక్కనే ఉంటుంది.

ఇందులో ఒక దారం పెట్టాను. టేపు ఇక దొరకదని తేలిపోయింది. మొదటి ముడి మెడ, రెండోది ఛాతీ, చివరిది పొట్ట. ఆఖరి ముడి ఎంత దూరంలో ఉందో చూసి నవ్వుకోవడానికి బావకు పూర్తి అనుమతి ఇచ్చాను.

తమ్ముడు

మే 6

తమ్ముడూ,

నీ ఉత్తరం గేటు డబ్బాలో దొరికింది. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడే వచ్చి ఉంటుంది. నేను డబ్బా తియ్యలేదు. దారం ఆయన చూడలేదు. నీ చొక్కా గుడ్డ కత్తిరించకుండా బల్ల మీద అలాగే ఉంది.

నీకొక మాట రాయకుండా ఉండలేను. ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన మంచం దిగి పడ్డాడు, తలుపు అంచు తలకు తగిలింది, మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఇది నీకు ఫోన్లోనే చెప్పారు. నువ్వు వచ్చావు. నువ్వు వస్తే నా తమ్ముడు వచ్చాడు, ఇక ఏడవొచ్చు అనుకున్నాను. గుమ్మంలోకి వచ్చి నా చెయ్యి పట్టుకుని నువ్వు అడిగిన మొదటి మాట, "మంచం మాట్లాడిందా?"

సాయంత్రం మీ బావ ఇంకా ఇంట్లో ఉండగానే నువ్వు ఆస్పత్రికి వెళ్ళావు, మంచం చూడటానికి. అంతా అయ్యాక బండెక్కి వెళ్ళిపోయావు. నీ మంచం క్షేమంగా ఉందని అనుకుంటున్నాను.

అక్క

మే 15

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి వెళ్ళలేదు. నేను ఆ మాట ఎందుకు అడిగానో చెప్పనివ్వు. మంచం మాట్లాడకపోయి ఉంటే బావను చంపింది నేనే. అది తెలియకుండా నీ ముఖం చూడలేకపోయాను. నీ పక్కన కూర్చుని ఏడ్చే హక్కు నాకుందో లేదో తెలుసుకుందామనే వెళ్ళాను. మంచం కోసం కాదు.

మంచం జరిగింది జరిగినట్టు దాచుకుంటుంది. అదంతా చూశాను. బావ భుజం కదిలింది. మంచం వెంటనే పలికింది. సిస్టరు చేతి బిళ్ళకు కబురు వెళ్ళింది, ఆవిడ వెంటనే బయల్దేరింది. అంతా జరగాల్సినట్టే జరిగింది. మంచం పలికిన తర్వాతే ఆయన లేచాడు. అందరూ ఆగే మాటకు ఆయన ఎందుకు ఆగలేదో నాకు ఎంతకీ అర్థం కావడం లేదు. ఒక్క నిమిషం అలాగే ఉండి ఉంటే సిస్టరు వచ్చేసేది.

ఇందులో ఏ లోపమూ కనపడకపోవడమే నన్ను తినేస్తోంది.

తమ్ముడు

మే 22

నీ మంచం జరగాల్సినట్టే చేసింది. సిస్టరు చేయాల్సినట్టే చేసింది. ఇక మిగిలింది మీ బావ. అంటే మాట వినక చచ్చిపోయాడన్నమాట. ఇంత చదువు చదివి నువ్వు తేల్చింది ఇదే కదా.

ఆయన జన్మలో ఎవరి మాటా కాదన్న మనిషి కాదు. కొన్నాళ్ళు నాకు రాయకు.

జూన్ 20

అక్కా,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. బావను తప్పుపట్టడానికి నాకు నోరెలా వస్తుంది? నాకు మొదటి ప్యాంటు కుట్టింది ఆయన. జవాబు రాయకపోయినా ఫరవాలేదు. ఉత్తరం చింపెయ్యకుండా చదివితే చాలు.

తమ్ముడు

జూలై 2

రిపేరూ,

కూర్చుని చదువు.

మీ బావ పక్క మంచం మీద ఒక డ్రైవరుగారు ఉండేవారు, కాలు విరిగి. ఇవాళ కట్టు విప్పించుకోవడానికి వచ్చి, మా వార్డు ఎక్కడో అడుగుతూ కిందికి దిగి వచ్చారు. కర్ర ఊతంగా నా ముందు నిలబడ్డారు, నేను "ఎవరు కావాలి" అనగానే ఆయన ముఖం పాలిపోయింది. నా గొంతు గుర్తుపట్టారు. అప్పటిదాకా ఆ మంచంలో మాట్లాడేది మీ బావ భార్యేనని ఆయనకు తెలియదట.

అక్కడి మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పొద్దున మెలకువగా ఉన్నప్పుడు ఆ మాట వినపడితే నవ్వేవారమ్మా. మా ఆవిడ ఉద్యోగం పెట్టెలో కూడా చేస్తోంది అనేవారు. నేను వేళాకోళం అనుకున్నాను. మధ్యాహ్నం నొప్పికి సూదిమందు ఇచ్చారు, మగతగా పడుకున్నారు. కాసేపటికి నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచారు. అంతే. లేచే మనిషిలా లేరు, తల దిండు మీదే ఉంది. అప్పుడు మంచం పలికింది, లేవకండి, నేను వస్తున్నాను అని. ఆయన కళ్ళు తెరిచారు. ముఖమంతా వెలిగిపోయింది. 'నువ్వు కూర్చో, పొద్దుటినుంచీ నిలబడే ఉన్నావు, నేనే వస్తున్నా' అని దుప్పటి తీసేశారు. నేను ఆగండి ఆగండి అని అరిచాను. నా వైపు చూడనైనా చూడలేదు. తలుపు వైపే చూస్తూ వెళ్ళారు. అవతలి చివరినుంచి సిస్టరు పరిగెత్తుకుంటూనే వచ్చింది పాపం."

ఒరేయ్, ఆయన మాట వినకపోవడం కాదురా. విన్నాడు. వినే లేచాడు. లోకంలో అందరూ ఆగే మాటకు లేచి వచ్చే మనిషి ఆయన ఒక్కడే. గేటు దగ్గర్నుంచి నేను రోజూ వేసిన కేకే అది. ఆ మాట నీకు నేర్పింది నేనే, పలికింది నేనే. నీకు ఆ మాట చెప్పిన మొదటి ఉత్తరంలోనే ఆయన మెట్లు దిగి రావడం కూడా రాశాను. నువ్వూ చదివావు. ఇద్దరికీ తట్టలేదు.

నీ మీద కోపం పోయింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నీళ్ళ కోసం చెయ్యి చాచాడట. గ్లాసు కాస్త దగ్గరగా పెట్టేవాళ్ళు లేకపోయారు.

అక్క

జూలై 10

అక్కా,

నీ గొంతు పక్కనే ఉంటుంది, బెంగ పెట్టుకోకు అని రాసింది నేను.

ఇవాళే ఆఫీసులో చెప్పేశాను. అన్ని మంచాల్లోంచీ గొంతు తీసేయిస్తున్నాను, మీ ఆస్పత్రిలోనూ బయటా. నువ్వు రోజూ ఆ మాట వింటూ ఆ వార్డులో ఎలా తిరుగుతున్నావు? వచ్చే వారం మా మనుషులు వస్తారు. మళ్ళీ సైరనే పెడతారు, శబ్దం తగ్గించి. ఆ తర్వాత నేను ఈ పని మానేస్తాను. కుర్చీలో బల్లలో చేసుకు బతుకుతాను.

తమ్ముడు

జూలై 18

రిపేరూ,

మీ మనుషులు వచ్చారు. వార్డు గుమ్మంలోనే నిలబెట్టి, టీ తాగించి, వెనక్కి పంపించేశాను. మీ ఆఫీసులో నిన్ను తిట్టి ఉంటారు. తిట్టనీ.

గొంతు తీస్తే ఏమవుతుందో నీకు తెలియకపోతే నాకు తెలుసు. మూడో నంబరు పెద్దావిడ ఇప్పుడు చక్రాల కుర్చీలో వస్తోంది. వచ్చినప్పుడల్లా నన్ను పలకరించి పోతుంది. ఇంకెవరినీ అలా చూడలేను. నాకు కష్టంగా ఉందా అని అడుగు, చెబుతాను. చాలా కష్టంగా ఉంది. మొన్న డ్యూటీ అయ్యాక పైవార్డుకు వెళ్ళాను. ఆయన మంచం ఖాళీగా ఉంటే కూర్చున్నాను. కాసేపయ్యాక లేవబోయాను. "లేవకండి, నేను వస్తున్నాను" అంది. కాళ్ళు కదల్లేదురా. ఎవరొస్తారని కూర్చున్నానో తెలియదు. ఆ రోజు డ్యూటీలో ఉన్న సిస్టరే పరిగెత్తుకుంటూ వచ్చి, నన్ను చూసి పక్కన కూర్చుంది. వచ్చింది చూడు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే అది ఉండాలి.

నువ్వు చేయాల్సింది వేరే ఉంది. నా ఒక్కదాని గొంతు అన్నిచోట్లా ఎందుకు? నలుగురు సిస్టర్ల చేత చెప్పించు. ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడే ఆ గొంతులు వినిపించాలి, ఇది మీకు తెలిసిన గొంతా, మీ వాళ్ళెవరిలానైనా ఉందా అని. ఉందంటే ఆ మంచానికి ఆ గొంతు వద్దు. వయసు అడుగుతాం, బరువు అడుగుతాం, ఏ మందు పడదో అడుగుతాం. ఇంకొక్క ప్రశ్న కలపమను. "ఎవరు వస్తున్నారంటే మీరు లేచి ఎదురెళ్తారు?" ఆ ప్రశ్న మీ బావను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆలోచించకుండా చెప్పేవాడు.

పని మానేస్తానంటే నడ్డి విరగ్గొడతాను. కూర్చుని చెయ్యి.

మీ అక్క

ఆగస్టు 25

అక్కా,

చేశాను. నాలుగు గొంతులు, నువ్వు చెప్పిన ప్రశ్న, అన్నీ వచ్చే వారం మీ దగ్గరికి వస్తున్నాయి. మీ పై వార్డులో నీ గొంతు ఉండదు. అది నువ్వు అడగలేదు, నేనే తీశాను. బావ పడుకున్న మంచం పక్కన నీళ్ళ గ్లాసు పెట్టుకోవడానికి చేతికందేలా ఒక చిన్న పలక బిగించమన్నాను. అన్ని మంచాలకూ పెడుతున్నారు. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

సెలవు పెట్టి వస్తున్నాను. ఈసారి ఆస్పత్రికి వెళ్ళను. నీ దగ్గరే కూర్చుంటాను.

తమ్ముడు

సెప్టెంబరు 8

రిపేరూ,

చేర్చుకునే బల్ల దగ్గర నాకే డ్యూటీ వేశారు. రోజంతా ఆ ప్రశ్న నేనే అడుగుతున్నాను. ఒక తాతగారు మనవరాలు అన్నాడు. ఒక బస్సు కండక్టరు మా ఇన్‌స్పెక్టరు అన్నాడు, క్యూలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఒకావిడ చాలాసేపు ఆలోచించి, ఎవరూ లేరమ్మా, నీ పేరే రాసుకో అంది. రాశాను. డ్యూటీ అయ్యాక ఆవిణ్ణి వెళ్ళి చూసి వచ్చాను.

నువ్వు వస్తున్నావంటే బల్ల మీద నీ గుడ్డ దులిపి మడతపెట్టాను. నీ దారం మిషను చక్రానికి చుట్టి ఉంచాను. కుట్టడం నాకు రాదు. వేరేవాళ్ళ చేత కుట్టించుకోవాలని ఉంటే తీసుకెళ్ళు, లేదంటే అలాగే ఉండనీ.

నిన్న డ్యూటీ దిగి ఇంటికి వచ్చాను. కాళ్ళు బాగా పీకుతున్నాయి, చేతిలో సంచి బరువుగా ఉంది. గేటు తీసి, అలవాటు చొప్పున "వస్తున్నా" అనేశాను. అనేశాక అక్కడే నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను, నీకు అబద్ధం చెప్పను. తర్వాత మెట్లు నేనే ఎక్కాను.

నువ్వు వచ్చేటప్పుడు గేటు దగ్గర కేకెయ్యి. నేను దిగి వస్తాను.

మీ అక్క